హామ్ రేడియో మొదలుపెట్టాలంటే: లైసెన్సు నుంచి 5 వాట్ల దాకా

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను. హామ్ రేడియో అంటే ఇష్టం. లైసెన్సు ఎలా వస్తుంది? సెట్టుకే లక్ష రూపాయలు కావాలని ఒకరన్నారు, నిజమేనా? తక్కువ పవర్‌తో నిజంగా వేరే దేశాలకు వినపడుతుందా?

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా సరదాగా ఇతరులతో రేడియోలో మాట్లాడుకోవడం. అలా చేసేవాళ్లే హామ్‌లు. చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. వినపడుతుంది. గుంటూరులో మా డాబా మీద కట్టిన తీగతో, 5 వాట్ల పవర్‌తో నేను మోర్స్‌లో, అంటే అక్షరాలను పొట్టి, పొడుగు శబ్దాలుగా పంపే పద్ధతిలో మాట్లాడుతుంటాను. ఇంట్లో వెలిగే మామూలు ఎల్‌ఈడీ బల్బు ఇంతకంటే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ పవర్‌కే జపాన్, రష్యా, ఇటలీ స్టేషన్లు జవాబిచ్చాయి. కాబట్టి లక్ష రూపాయల మాట పక్కన పెట్టేయండి. డబ్బు ఖర్చుపెట్టాలనుంటే యాంటెనా మీద పెట్టండి, సమయం ఉంటే మోర్స్ మీద పెట్టండి. సెట్టు సంగతి ఆ తర్వాత.

ఇందులో మాయ ఏమీ లేదు, లెక్క ఉంది. 100 వాట్ల నుంచి 5 వాట్లకు వస్తే పవర్ ఇరవయ్యో వంతుకు పడిపోతుంది, వింటే భయం వేస్తుంది. డెసిబెల్స్‌లో చూస్తే అది 13 మాత్రమే. సిగ్నల్ బలాన్ని చూపించే రిసీవర్ మీటర్లో ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్. అంటే అవతలివాళ్ల మీటర్లో ఎస్7 చూపించే సిగ్నల్ ఎస్5 దగ్గరికి దిగుతుంది, అంతే. పైగా మాటకు రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు రెండు మూడు వందల హెర్ట్జ్ చాలు. ఉన్న పవరంతా ఆ సన్నటి జాగాలోనే ఉంటుంది, రిసీవర్ ఫిల్టర్‌ను కూడా అంత సన్నగా పెట్టుకోవచ్చు. అందుకే తక్కువ పవర్ వాళ్లలో ఎక్కువమంది మోర్స్ వైపే వస్తారు. హామ్‌ల భాషలో ఇలా తక్కువ పవర్‌తో మాట్లాడడాన్ని క్యూఆర్‌పి అంటారు. మోర్స్‌కు 5 వాట్లు, మాటకు 10 వాట్ల లోపు అన్నది అందరూ పాటించే హద్దు.

ఇప్పుడు లైసెన్సు. మన దేశంలో ఇది కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం ఇస్తుంది. 12 ఏళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు, డిగ్రీలతో పని లేదు. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్లో పెట్టాలి. ఫీజులు, ఫారాల వివరాలు అందులోనే చూసుకోండి, పాత వీడియోలను నమ్మకండి. పరీక్షలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి రేడియో సిద్ధాంతం: ఓమ్ సూత్రం, రెజొనెన్స్, రిసీవర్ పనిచేసే తీరు, యాంటెనాలు. మీరు ఈసీఈ అయితే ఇందులో సగం వచ్చేసినట్టే. రెండోది నిబంధనలు: క్యూ కోడ్లు (క్యూతో మొదలయ్యే మూడక్షరాల పొట్టి సంకేతాలు), ఆల్ఫా బ్రావో చార్లీ అక్షరాలు, లాగ్ బుక్, ఏం మాట్లాడొచ్చు, ఏం మాట్లాడకూడదు. వ్యాపారం, పాటల ప్రసారం, రహస్య సంకేతాలు కుదరవు. చాలామంది రెండో భాగాన్ని తేలిగ్గా తీసుకుంటారు. అలా చేయకండి.

గ్రేడ్లు రెండు. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ పరీక్ష ఉండదు, కాల్‌సైన్ (మీ స్టేషన్‌కు ఇచ్చే పేరు) వీయూ3తో మొదలవుతుంది. జనరల్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ వినాలి, పంపాలి. దానికి వీయూ2 వస్తుంది. ముందు రిస్ట్రిక్టెడ్ తీసుకుని తర్వాత చూద్దాంలే అనేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం నేరుగా జనరల్ రాయమనే చెప్తాను. మీకు కావాల్సింది తక్కువ పవర్, అది పూర్తిగా పండేది మోర్స్‌తోనే. ఎలాగూ నేర్చుకోవాల్సిన దాన్ని పరీక్ష పేరుతో ఇప్పుడే నేర్చుకుంటే సరిపోతుంది.

మోర్స్‌ను చుక్కలు, గీతలుగా కాగితం మీద రాసి బట్టీ పట్టకండి. చెవితోనే నేర్చుకోవాలి. క్యూ అనే అక్షరాన్ని ‘డా డా డి డా’ అని ఒక రాగంలా వినాలి. ఒక్కో అక్షరాన్ని మొదటి నుంచీ వేగంగానే, నిమిషానికి 20 పదాల లెక్కన వినండి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీని మాత్రం ఎక్కువగా పెట్టుకోండి. దీనికి ఉచిత యాప్‌లు బోలెడున్నాయి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ కూర్చోవాలి. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చుంటే రాదు.

పరీక్ష అయ్యాక లైసెన్సు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. ఆ లోపు సెట్టు కొనేయకండి. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే చైనా హ్యాండ్‌సెట్‌కూ ఇదే వర్తిస్తుంది. ఈ సమయమంతా వినడానికి వాడుకోండి. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్ రిసీవర్‌ను ఫోన్లోనే తెరిచి, 7.030, 14.060 మెగాహెర్ట్జ్‌ల చుట్టుపక్కల తిప్పి చూడండి. క్యూఆర్‌పి వాళ్లు ఎక్కువగా కలిసేది అక్కడే.

సెట్టు విషయంలో తెలుగువాళ్లం గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ (కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ) రూపొందించిన బిట్‌ఎక్స్ ప్రపంచమంతా హామ్‌లు సొంతంగా కట్టుకున్న సెట్టు. వినడానికీ పంపడానికీ ఒకే యాంప్లిఫయర్లు అటూ ఇటూ పనిచేయడం దాని ప్రత్యేకత. మన అంగళ్లలో దొరికే మామూలు ట్రాన్సిస్టర్లతోనే దాన్ని డిజైన్ చేశారు. కాయిల్స్ చుట్టడానికి ఖరీదైన కోర్లు దొరక్కపోతే కుళాయి వాషర్ల మీదే చుట్టమన్నారు! చివర్లో పవర్ ఇచ్చేది ఐఆర్‌ఎఫ్510 అనే చవకైన మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్. తర్వాత తయారు బోర్డులుగా బిట్‌ఎక్స్40, యూబిట్‌ఎక్స్ వచ్చాయి.

వీలైతే ఒక్క సెట్టయినా మీ చేత్తో కట్టండి. కాయిల్ చుట్టాక ఎనామిల్ తీగ చివర్లను రాగి మెరిసేదాకా బ్లేడుతో గీకాలి. గీకకపోతే సోల్డర్ పైకి అంటుకున్నట్టే కనపడుతుంది గానీ లోపల కరెంటు పోదు. ఇలాంటివి కాలేజీ ల్యాబుల్లో చెప్పరు.

యాంటెనా మాత్రం ఎవరికి వాళ్లు కట్టుకోవాల్సిందే. 40 మీటర్ల బ్యాండ్‌కు, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరి పౌనఃపున్యాలకు, డైపోల్ (మధ్యలో సెట్టుకు కలిపే రెండు సమానమైన తీగలు) చాలు. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి దాదాపు 20 మీటర్లు, అంటే చెరో వైపు 10. నేను వాడింది ఇంటి వైరింగ్‌కు వాడే రాగి తీగే. వాటర్ ట్యాంకు పక్కన జీఐ పైపు నిలబెట్టి మధ్య భాగాన్ని దాని మీదకు ఎత్తాను. రెండు చివర్లకూ పీవీసీ పైపు ముక్కలు ఇన్సులేటర్లుగా పెట్టి, నైలాన్ తాడుతో ఒకటి కొబ్బరి చెట్టుకు, ఒకటి పిట్టగోడ కొక్కానికి కట్టాను. తీగను మొదట అర మీటరు పొడుగ్గానే ఉంచండి. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) చూసుకుంటూ రెండు వైపులా సమానంగా, కొంచెం కొంచెంగా కత్తిరించండి. కరెంటు తీగలకు దూరంగా కట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

ఊళ్లో అసలు ఇబ్బంది పవర్ తక్కువ కావడం కాదు, గోల. ఫోన్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఇన్వర్టర్లు 40 మీటర్ల మీద ఒకటే రొద పెడతాయి. వీధికంతా కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల బ్యాటరీ మీద సెట్టు పెట్టి వినండి. అప్పటిదాకా గుయ్యిమంటున్న బ్యాండ్ తేలికపడి, అడుగున ఉన్న సన్నటి సిగ్నళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. నాకు ఎక్కువ దూరాలు దొరికింది అలాంటి సాయంత్రాల్లోనే. 14 మెగాహెర్ట్జ్ మీద యూరప్ కోసం చీకటి పడ్డాక చూడండి.

ఇంకా తక్కువకు వెళ్లాలనుంటే విస్పర్ ఉంది. భౌతికశాస్త్రంలో 1993 నోబెల్ అందుకున్న జో టేలర్ రాసిన విధానం అది. కాల్‌సైన్, ప్రాంతపు కోడ్, పవర్ మాత్రమే రెండు నిమిషాల పాటు మెల్లగా పంపుతుంది. గుంటూరు, విజయవాడలకు ఆ కోడ్ ఎన్‌కే06. 200 మిల్లీవాట్లతో పంపి, మీ సిగ్నల్ ఎవరెవరికి అందిందో ఇంటర్నెట్ మ్యాపులో చూసుకోవచ్చు. యాంటెనా బాగా కట్టామా లేదా అన్నది దీనికంటే నిజాయితీగా చెప్పేది ఇంకోటి లేదు.

వాట్సాప్ ఉండగా ఇదెందుకని మీ ఇంట్లోవాళ్లు తప్పకుండా అడుగుతారు. 2004 డిసెంబరు సంగతి చెప్పండి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం హామ్ కార్యక్రమం కోసం అండమాన్ వెళ్లింది. వాళ్లు అక్కడ ఉండగానే 26న సునామీ వచ్చింది. అక్కడి ఫోన్లు పడిపోయాయి. సరదా కోసం తీసుకెళ్లిన ఆ సెట్లతోనే వాళ్లు బంధువుల క్షేమ సమాచారాలు చేరవేశారు.

చివరగా ఒక జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే, ఉరుము వినపడక ముందే కోయాక్స్‌ను (యాంటెనా నుంచి సెట్టుకు వచ్చే కేబుల్‌ను) సెట్టు నుంచి ఊడదీసి కిటికీ బయట పెట్టేయండి. స్విచ్ ఆపితే చాలదు.