అక్క ఫోన్‌లో యూపీఐ పెట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

మీ అమ్మకు, అంటే మా అక్కకు, కొత్త ఫోన్ కొన్నావని, ఈ ఆదివారం వచ్చి యూపీఐ పెట్టి ఇస్తావని బావ చెప్పారు. మంచి పని. పాలకీ, మందులకీ చిల్లర వెతుక్కునే బాధ తప్పుతుంది. కానీ ఆమె దాచుకున్న డబ్బూ ఎఫ్‌డీలూ ఉన్న ఖాతాను మాత్రం దానికి లింక్ చెయ్యకు.

మోసాన్ని ఎలా గుర్తుపట్టాలో నేర్పమని అందరూ చెబుతారు. నేర్పు, కాదనను. కానీ కంగారులో ఉన్నప్పుడు బాగా చదువుకున్నవాళ్లు కూడా బోల్తా పడుతున్నారు. అందుకే ముందు చూడాల్సింది, ఒకవేళ బోల్తా పడినా పోయేది కొద్దిపాటి డబ్బే అయ్యేలా ఏర్పాటు చేయడం.

యూపీఐ యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఫోన్‌లోని సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ఆ నంబర్ ఇచ్చి ఉన్న బ్యాంకు ఖాతాలనే యాప్ లింక్ చేసుకోనిస్తుంది. కాబట్టి రెండు ఖాతాలకూ ఒకే నంబర్ ఉంటే, ఫోన్‌ను గుప్పిట్లోకి తెచ్చుకున్నవాడు రెండోదానికీ దారి వెతుకుతాడు. ఇలా చెయ్యి. పాత నంబర్ పెద్ద ఖాతాకే ఉండనీ, ఆ సిమ్ కీప్యాడ్ ఫోన్‌లోనే ఉండనీ. కొత్త ఫోన్‌కి కొత్త సిమ్ తీసుకుని, ఆ నంబర్‌తో ఒక చిన్న ఖాతా తెరిపించు. అందులో ఐదు వేలకు మించి ఉంచకు, అయిపోతే నువ్వే మళ్లీ నింపు. పెద్ద ఖాతా బ్యాంకు యాప్ కొత్త ఫోన్‌లో పెట్టొద్దు. అది ఉంటే ఎఫ్‌డీని ఇంట్లోంచే రద్దు చేయొచ్చు, చాలా బ్యాంకుల్లో అప్పు కూడా పుట్టించొచ్చు. మోసగాళ్లు చేసేదీ అదే. ఆ ఖాతా డెబిట్ కార్డుకు ఆన్‌లైన్, విదేశీ లావాదేవీలు ఆపించు.

ఇక పిన్ సంగతి. డబ్బు పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ తప్ప పిన్ అక్కర్లేదు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చెయ్యక్కర్లేదు. పాత మంచం అమ్మకానికి పెడితే, 'అడ్వాన్స్ పంపిస్తున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అనేవాడు లాక్కోవడానికే వచ్చాడు. ఒక మనిషి ఇంకో మనిషిని యాప్‌లో డబ్బు పంపమని అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ నుంచి ఆపేశారు. కానీ ఒకసారి ఒప్పుకుంటే గడువు వచ్చినప్పుడల్లా దానంతటదే డబ్బు కోసుకునే ఆటోపే ఇంకా ఉంది. పిన్ అడిగే తెరమీద ఎంత డబ్బు, ఎవరికి అని కనిపిస్తుంది. ఆ రెండూ పైకి చదివాకే పిన్ కొట్టడం అక్కకు అలవాటు చెయ్యి. నువ్వు పక్కన కూర్చుని, ఆమె చేతే నీకు ఒక్క రూపాయి నాలుగైదు సార్లు పంపించు. మాటలతో చెబితే వారంలో మర్చిపోతుంది, చేత్తో చేస్తే ఉండిపోతుంది.

ఇప్పుడు ఎక్కువగా భయపడాల్సింది ఏపీకే ఫైళ్లకి, అంటే ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్‌ను ఫోన్‌లో పెట్టేసే ఫైళ్లకి. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వస్తుంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచే రావచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే చిక్కి ఉంటుంది. ఫైల్ పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అని ఉంటుంది. నొక్కితే ఇన్‌స్టాల్‌కి అనుమతి అడుగుతుంది, తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదవడానికి. రెండూ ఇచ్చేస్తే వచ్చే ప్రతి ఓటీపీ అవతలివాడికి చేరుతుంది. సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌ల ఇన్‌స్టాలేషన్ అనే చోట వాట్సాప్‌కీ, క్రోమ్‌కీ అనుమతి తీసేసి ఉందో లేదో చూడు. చెడ్డ యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ ప్లే స్టోర్‌లో ఉంటుంది, దాన్ని ఆన్‌లో ఉంచు. మన స్క్రీన్ వాళ్లకు చూపించే యాప్ పెట్టుకోమని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయమను. కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు, కార్డు వెనక ఉన్నదానికే చెయ్యాలి.

పొలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. దస్తావేజుల మీది వేలిముద్రలు కాపీ చేసి, ఆధార్ ద్వారా డబ్బు తీసే పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. దానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. ఆధార్ అధికారిక యాప్‌లో అక్కదీ బావదీ బయోమెట్రిక్, అంటే వేలిముద్రల వాడకం, లాక్ చెయ్యి. అయితే రేషన్ షాపులో వేలిముద్ర పడదు. అక్కడికి వెళ్లినప్పుడు కాసేపు అన్‌లాక్ చెయ్యడం వాళ్లకు చూపించాలి, లేకపోతే విసుగొచ్చి లాక్ మొత్తం తీసేయిస్తారు.

ఇంత చేసినా ఏదైనా జరిగితే, అనుమానపు ఫైల్ నొక్కిన ఫోన్‌ను ముందు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. వేరే ఫోన్ నుంచి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, ఆ తర్వాత బ్యాంకుకి చెయ్యాలి. తేదీ, మొత్తం, ఎవరికి వెళ్లింది, ఆ లావాదేవీకి ఉండే 12 అంకెల యూటీఆర్ నంబర్ అడుగుతారు. పోయిన డబ్బు నిమిషాల్లో ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోతుంది, అందుకే ఆ తొందర. బ్యాంకు దగ్గర ఫిర్యాదు నంబర్ తప్పక తీసుకో. 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం, బ్యాంకు తప్పూ మన తప్పూ లేకుండా మూడోవాడి వల్ల పోతే, బ్యాంకు నుంచి సమాచారం వచ్చాక 3 పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. పిన్ మనమే ఇచ్చి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మనదే, చేశాక పోయింది బ్యాంకుది. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. డబ్బు పోయిందని చెబితే కొడుకు తిడతాడని అక్కకు ఎప్పుడూ అనిపించకూడదు. ఆ భయంతో ఒక్క రాత్రి దాచిందంటే 1930 వాళ్లు ఆపగలిగేది ఏమీ మిగలదు. ఎంత పోయినా ముందు నీకు చెప్పమని, ఏమీ అనవని ఆదివారమే ఆమెతో చెప్పు.

కీప్యాడ్ ఫోన్ సిమ్‌కి రీఛార్జ్ తప్పకుండా చేస్తూ ఉండు. ఆగిపోతే ఆ నంబర్‌ను ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇట్లు,
మీ మావయ్య