ఖగరాజు ఏ ఊరి రాజు?

మార్గళి (తమిళుల ధనుర్మాసం, చెన్నైలో సంగీత కచేరీల కాలం) దగ్గరపడిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో అత్తాకోడళ్ళ గొడవలు తగ్గి కచేరీల గొడవలు పెరుగుతాయి. చెన్నైలో కూర్చుని ఈ శీర్షిక రాస్తున్నందుకు నాకు దక్కిన భాగ్యం ఇది. ఈసారి మూడింటికి జవాబిస్తున్నాను. మొదటిదానికి చోటు ఎక్కువే పట్టింది, సంపాదకులు సర్దుకోవాలి.

ప్రశ్న: మాది తెనాలి. ఉద్యోగం కోసం వచ్చి వేళచ్చేరిలో ఉంటున్నాను. ఆఫీసులో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు తమిళమ్మాయి. చిన్నప్పటి నుంచి సంగీతం నేర్చుకుంది. ఆలాపన మొదలైన అర నిమిషంలో రాగం పేరు చెప్పేస్తుంది. డిసెంబరులో తనతో కచేరీలకు రమ్మని ఒకటే పోరు. నాకు సరిగమలు తప్ప ఏమీ రాదు. మూడు గంటలు బొమ్మలా కూర్చుంటే తనకే విసుగొస్తుందేమోనని టెన్షన్. వెళ్ళనా, ఏదైనా సాకు చెప్పి తప్పించుకోనా?
– ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: సాకులు ఆఫీసు కోసం దాచుకోమ్మా. కచేరీకి వెళ్ళు.

నేను పెళ్ళయి మద్రాసు వచ్చింది 1988లో, ఒంగోలు దగ్గర పల్లెటూరి నుంచి. వెస్ట్ మాంబళంలో పై వాటా మాది, కింది వాటా మామిది (ఇక్కడ పెద్ద తమిళావిడలను అలాగే పిలుస్తారు). ఆవిడ నాకంటే పదేళ్ళు పెద్ద. డిసెంబరు వస్తే చాలు, రోజూ సాయంత్రం పట్టుచీర కట్టుకుని, సంచిలో నీళ్ళ సీసా, శాలువా, ఒక నోట్‌బుక్కు పెట్టుకుని ఎటో వెళ్ళేది. ఏదో తిరునాళ్ళనుకునేదాన్ని. 1991లో ఓ రోజు ఆవిడతో రోజూ వెళ్ళే వదినగారికి జ్వరమొచ్చింది. ఒక టికెట్టు మిగిలింది. అలా నన్ను వాణీ మహల్‌కి తీసుకెళ్ళింది. డబ్బు వృథా పోతుందనే తప్ప నా మీద ప్రేమతో కాదు. ఈ మాట తర్వాత ఆవిడే ఒప్పుకుంది.

(వాణీ మహల్ అంటే నీకు తెలియకపోవచ్చు. టి.నగర్‌లో జి.ఎన్. చెట్టి రోడ్డు మీద ఉన్న కచేరీల హాలు. దాన్ని నడిపే సంగీత సభ పుట్టుక వెనక మన చిత్తూరు నాగయ్య గారి చెయ్యి ఉంది. 1946లో తెర మీద త్యాగయ్యగా కనిపించి ఆంధ్రదేశాన్ని ఏడిపించిన నాగయ్య గారే. కాబట్టి అక్కడ తెలుగువాళ్ళు బెరుకుగా కూర్చోవాల్సిన పని లేదు.)

ఆ రోజు పాడినావిడ ఆభేరి రాగంలో ‘నగుమోము’ ఎత్తుకుంది. మామి కళ్ళు మూసుకుని తొడ మీద తాళం వేస్తోంది. నాకు ఆభేరీ తెలియదు, తాళం అంతకన్నా తెలియదు. కానీ మాటలు వినబడుతున్నాయి కదా! నీ నవ్వుముఖం చూడక నేను ఇక్కడ అల్లాడుతుంటే రావేమయ్యా అంటున్నాడు త్యాగరాజస్వామి రాముడితో. నువ్వు రమ్మన్నా ఖగరాజు త్వరగా కదల్లేదా? ఆకాశం నుంచి భూమికి బోలెడు దూరమని వంక పెట్టాడా? అది విని నాకు నవ్వొచ్చేసింది. మా నాన్న రైలు తప్పిపోయిందని చెప్పినప్పుడు మా అమ్మ అచ్చం ఇలాగే దెప్పేది.

మామి కళ్ళు తెరిచి నా వంక చూసింది. అప్పుడేమీ అనలేదు. కచేరీ అయ్యాక కాంటీన్‌లో కాఫీ పట్టుకుని, ఎందుకు నవ్వావని నిలదీసింది. వచ్చీరాని తమిళంలో ఇదంతా చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి అడిగింది. “అది సరే, ఇంద కగరాజు యారు? ఎంద ఊరు రాజా?” ఈ కగరాజు ఎవరు, ఏ ఊరి రాజు అని.

నవ్వకు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒకటే. సంగీతం పుస్తకాల్లో ఆ అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అని అంకెలు వేసి తేడా చూపిస్తారు. మామి చిన్నప్పుడు గురువుగారి దగ్గర విని చేత్తో రాసుకున్న నోట్‌బుక్కులో అంకెలు లేవు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ కగ అనే ఊరిని ఏలే రాజు మీద పాడుతోంది. ఖగమంటే పక్షి, పక్షులకు రాజు గరుత్మంతుడు అని చెప్పేసరికి ఆవిడకు కాఫీ పొలమారింది.

మర్నాడు పొద్దున్నే నోట్‌బుక్కుతో మేడెక్కి వచ్చింది. ఒప్పందం కుదిరింది. ఆవిడ నాకు రాగం చెప్పాలి, నేను ఆవిడకు మాట చెప్పాలి. తెలుగుదాన్నని గొప్పలు పోయాను గానీ, త్యాగరాజస్వామి తెలుగు మా ఒంగోలు తెలుగు కాదని నాలుగు కీర్తనల్లోనే తేలిపోయింది. మా మరిది చేత శబ్దరత్నాకరం నిఘంటువు తెప్పించుకున్నాను. దొరకని మాటకు ఒకటి రెండుసార్లు సొంత కవిత్వం కూడా చెప్పాను. ఒకసారి పట్టుబడ్డాను, పదిహేను రోజులు ఆవిడ నా ముందు ఆ మాట ఎత్తి దెప్పింది. ఆవిడ మాత్రం ఆభేరిని నా చెవిలో ఎక్కించడానికి రెండేళ్ళు తీసుకుంది. ఇప్పటికీ నాకు నిక్కచ్చిగా తెలిసిన రాగాలు ఓ పాతిక. మిగతావి వచ్చినప్పుడు ఆవిడ నా అరచేతి మీద వేలితో పేరు రాస్తుంది. అదీ తమిళంలోనే. అందుకే చాలాసార్లు రాగం ఏమిటో నాకు సగమే తెలుస్తుంది.

2015 సంగతి చెప్పాలి. డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగింది. మా వీధిలోకి నడుము లోతు నీళ్ళొచ్చాయి. మామి వాళ్ళు నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. కరెంటు లేదు, ఫోను లేదు. గ్యాసు అయిపోతుందేమోనని పూటకు ఒకసారే వండాం. నీళ్ళు తీశాక కింది వాటా తలుపు తీస్తే, బీరువా అడుగు అరలో ఆ నోట్‌బుక్కు ఉబ్బి అప్పడాల కట్టలా అయింది. సిరా అంతా కరిగి నీలంగా పాకింది. మేడ మీద ఎండబెట్టాం, ఇస్త్రీ పెట్టె కూడా పెట్టి చూశాను. ఇరవై నాలుగేళ్ళ అర్థాల్లో మిగిలింది అట్ట మీద ఆవిడ పేరు, లోపల అక్కడక్కడా తోకలు తెగిన మాటలు.

ఆ ఏడాది ఇక కచేరీలు ఉండవనుకున్నాను. ఉన్నాయి. నాకైతే పోవాలని లేదు. ఇంట్లో ఇంకా బురద వాసన పోలేదు, పరుపు కొనలేదు, ఇప్పుడు సంగీతమేమిటి అన్నాను. “ఇంట్లో కూచుంటే పరుపు వస్తుందా?” అని నా చెప్పులు తీసి గుమ్మం ముందు పెట్టింది. మూడో వారంలో మళ్ళీ అదే వాణీ మహల్‌కి వెళ్ళాం. హాలు సగం ఖాళీ. మధ్యలో నాకు తెలియని కీర్తన ఒకటి వచ్చింది. మామి మోచేత్తో పొడిచింది. చూస్తే చేతిలో పెన్ను, కాగితం మాత్రం లేదు. సంచిలో వెతికి వెతికి కాంటీన్ బిల్లు బయటికి తీసింది. రెండు ఇడ్లీ, ఒక వడ, రెండు కాఫీ. దాని వెనక పల్లవి మొదటి మాట రాసి నా వైపు జరిపింది. నేను చీకట్లో కళ్ళు చిట్లించి అర్థం రాశాను. రెండో నోట్‌బుక్కులో మొదటి పేజీ ఇప్పటికీ ఆ బిల్లే, జిగురుతో అంటించి ఉంది. అక్షరాలకు పక్కన 2, 3, 4 కూడా వేసుకుంది ఈసారి.

నీ సంగతికి వస్తాను. మీ స్నేహితురాలికి రాగం వచ్చు. నీకు తెలుగు వచ్చు. కచేరీలో వినబడేదాంట్లో పెద్ద భాగం తెలుగే. హాల్లో చాలామందికి లేనిది నీ దగ్గర ఉందమ్మా. దాన్ని పట్టుకుని టెన్షన్ ఏమిటి?

ఒక్క మాట మాత్రం విను. మొదటిసారే పెద్ద పేరున్న వాళ్ళ సాయంత్రం కచేరీకి వెళ్ళకు. మధ్యాహ్నం చాలా సభల్లో కుర్ర విద్వాంసులు పాడతారు, ఎక్కువచోట్ల టికెట్టు ఉండదు, నచ్చకపోతే పాటకూ పాటకూ మధ్య లేచి రావచ్చు. వర్ణమనే రచనతో మొదలై, నాలుగైదు కీర్తనలయ్యాక ఒకదాన్ని విస్తారంగా పాడి, ఆ తర్వాత చిన్న చిన్న పాటలతో దిగుతారు. ఈ వరస స్థిరపడింది అరియక్కుడి రామానుజ అయ్యంగారి వల్ల. విస్తారంగా పాడే దగ్గర నీకు నిద్రొస్తే నిద్రపో. మామి కూడా పోతుంది, కాకపోతే తాళం ఆపదు. శాలువా మరిచిపోకు, ఏసీ చలికి సంగీతం తలకెక్కదు.

ప్రశ్న: నేనూ, నా స్నేహితుడూ డిగ్రీ నుంచి కలిసి తిరిగినవాళ్ళం. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు జరిగిన సినిమా పాటల లైవ్ షోకి రెండు టికెట్లు నేనే కొన్నాను. వాడు ఆఫీసు నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. వాడు లేకుండా నేను లోపలికి వెళ్ళలేదు. చివరికి చూసింది ఏమీ లేదు. షో చూడనప్పుడు డబ్బెందుకివ్వాలి అంటున్నాడు. ఆరు నెలలుగా మాటల్లేవు.
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: డబ్బు వాడే ఇవ్వాలి బాబూ. ఆలస్యం వాడిది. ఒక్కసారి అడుగు, ఇవ్వకపోతే వదిలెయ్.

నీ ఉత్తరం మూడు పేజీలు. పైన కుదించి వేశాను. మూడో పేజీ అడుగున ఒక వాక్యం ఉంది, బహుశా రాసి నువ్వే మరిచిపోయి ఉంటావు. ‘పార్కింగ్‌లో బండి పక్కన నిలబడి ఆఖరి నాలుగు పాటలు గోడవతల నుంచి వింటూ ఇద్దరం గొంతు పోయేలా పాడాం, సెక్యూరిటీ అతను వచ్చి తిట్టాడు’ అని. అప్పటికి గొడవ ఇంకా మొదలవలేదన్నమాట. టికెట్టు బిల్లు ఫొటో బదులు ఈ వాక్యం వాట్సాప్‌లో పంపి చూడు. జవాబు రాకపోతే నాకు మళ్ళీ రాయి, ఈసారి ఒక పేజీలో.

ప్రశ్న: కచేరీలో తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) మొదలవగానే సగం మంది లేచి కాంటీన్‌కి పోతారు. మేమూ పోతాం. తప్పా?
– ఒక పాఠకురాలు, నంగనల్లూరు

జవాబు: తప్పే. అప్పటిదాకా పాటకు ఒదిగి వాయించిన మృదంగం ఆయనకు, ఘటం లేదా కంజీర ఆయనకు సొంతంగా వాయించుకోవడానికి దక్కేది ఆ కాస్త సమయమే. వేదిక మీద నుంచి వాళ్ళకు కనిపించేది మీ వీపులు. తాళం తెలియకపోతే ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఇరికిస్తున్నారో చూస్తూ కూర్చోండి, సరదాగా ఉంటుంది.

నేనూ ఒకసారి లేచాను, దాచేదేముంది. మామి నా చీర కొంగు పట్టి కుర్చీలోకి లాగింది, పిన్నీసు ఊడిపోయింది. కొంగు సర్దుకుంటూ మొత్తం విన్నాను. ఘటం ఆయన అద్భుతంగా వాయించాడు, కాదనను. కానీ మేం కాంటీన్‌కి చేరేసరికి కీరై వడ (ఆకుకూర వడ) అయిపోయింది. దానికి కారణం తనేనని మామి ఇప్పటికీ ఒప్పుకోదు.