మిగిలిన కూర ఫ్రీజర్‌లోకి ఎప్పుడు వెళ్లాలి?

విదేశానికి కొత్తగా వచ్చి సొంతంగా వంట మొదలుపెట్టినవారు తరచుగా అడిగే సందేహం ఒకటుంది. వారానికి సరిపడా సరుకులు ఒకేసారి తెచ్చుకుని, సెలవురోజున రెండు మూడు కూరలు వండిపెట్టుకున్నా, వారం తిరిగేసరికి సగం చెత్తబుట్టలోకే పోతోంది, ఎందుకని? ఇది కొత్తవారికే ఉన్న ఇబ్బంది కాదు. 2022లో ప్రపంచమంతటా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులనీ, అందులో సుమారు 60 శాతం ఇళ్లలోనే వృథా అయిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో పేర్కొన్నారు.

వచ్చిన మొదటి ఏడాది నేనూ చాలా పారబోశాను. కూరను నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, ఇక తినలేమనిపించాక, పారేయడానికి మనసొప్పక ఫ్రీజర్‌లోకి తోసేవాణ్ణి. ఫ్రీజర్ ఆహారాన్ని బాగుచేయదు. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుందే తప్ప అవన్నీ చావవు. కాబట్టి ఎంత తాజాగా లోపల పెడితే అంత తాజాగా బయటికి వస్తుంది. రెండు రోజుల్లో తినగలిగినంత ఫ్రిజ్‌లో ఉంచుకుని, మిగతాది వండిన రోజునే ఒక్క పూటకు సరిపడే డబ్బాల్లోకి సర్ది, పేరూ తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టడం మంచిది. పప్పు, పులుసు వంటివి గడ్డకట్టించినా రుచి పెద్దగా చెడవు. ఉడికిన బంగాళాదుంప మాత్రం పలుకుగా మారుతుంది, కీర దోస నీరుగారిపోతుంది.

చలిదేశమే కదా, పొయ్యి మీదే ఉంచినా ఏమీ కాదనుకునేవారు ఇంట్లో హీటర్ నడుస్తోందన్న సంగతి మరచిపోతారు. గది వేడిలో వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి ఉంచకూడదు. పెద్ద గిన్నెలో అడుగున వేడి చాలాసేపు నిలిచిపోతుంది కనుక, లోతు తక్కువ పాత్రల్లోకి వంచి, ఆవిరి తగ్గగానే 4 డిగ్రీలకు మించని ఫ్రిజ్‌లో పెట్టాలి.

అన్నం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావకపోవచ్చు; అన్నాన్ని బయట వదిలేస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే అన్నాన్ని గంటలోపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా తినేసి, ఒక్కసారికి మించి వేడిచేయకపోవడం మేలు.

నా ఉద్దేశంలో, మిగిలినది చెత్తబుట్టకు చేరేది పాడై కాదు, మొహం మొత్తి. అదే కూరను అదే రూపంలో మూడోసారి ఎవరు తింటారు? పప్పును పలుచన చేసి కూరగాయ ముక్కలతో సూప్‌గా కాచుకోవచ్చు, పొడికూరను బ్రెడ్డు ముక్కల నడుమ పెట్టుకోవచ్చు, చల్లబడి పలుకులుగా విడిన అన్నం వేయించుకోవడానికి తాజా అన్నం కంటే అనువుగా ఉంటుంది.

ఇక బజారుకు వెళ్లేముందు ఫ్రిజ్ అరలను ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. దుకాణంలో నిలబడి ఆ ఫోటో చూస్తే, వెనుక అరలో సగం వాడిన పెరుగు డబ్బా ఉండగానే మరొకటి కొనడం తప్పుతుంది.