గాజును గీస్తే వజ్రమేనా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. తొలకరి వానకు మా చేలో చిన్న ఉసిరికాయంత తెల్లరాయి బయటపడింది. 12 గ్రాములు తూగింది. ఒక అంచు మిలమిల మెరుస్తోంది. కిటికీ అద్దం మీద గీస్తే గీత పడింది. వజ్రమేనని మావాళ్లు, పలుగురాయని షావుకారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: నాకు షావుకారు మాటే నిజమనిపిస్తోంది. ఆయన అబద్ధమాడి కొట్టేయాలనుకుంటే ముందు బేరం పెట్టేవాడు కదా! గాజు గట్టితనం మోస్ కొలమానంలో సుమారు ఐదున్నర. పలుగుది 7, వజ్రానిది 10. రెండూ గాజును గీస్తాయి. గీత పడిందంటే అది సున్నపురాయి జాతి కాదని మాత్రమే తేలింది.

సుత్తితో కొట్టి చూడమనేవాళ్లుంటారు. వినకండి. వజ్రమైనా సరే, దెబ్బకు పగులుతుంది.

తూకంతో తేల్చుకోండి. డిజిటల్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తెచ్చుకోండి. రాయిని సన్నదారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచండి. త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ అంకెతో 12ను భాగించండి. పలుగైతే నాలుగున్నర గ్రాములు చూపిస్తుంది, జవాబు 2.65 దరిదాపుల్లో వస్తుంది. వజ్రమైతే 3.4 గ్రాములే చూపించాలి, జవాబు 3.5.

మీ చేలోకి పలుగు ఎలా వచ్చిందంటారా? ఊరి పక్క గుట్ట మీద నల్లరాతిని చీల్చుకుంటూ పోయే తెల్లటి పట్టీలు చూసే ఉంటారు. భూమి లోపల సిలికా (పలుగు అంతా ఈ పదార్థమే) కరిగిన వేడినీళ్లు రాతి పగుళ్లలోకి చేరి, చల్లబడి, అక్కడే పేరుకున్నవే అవి. చుట్టూ ఉన్న రాయిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం వానకూ గాలికీ కుళ్లి బంకమట్టి అయిపోతుంది. పలుగు మాత్రం చెక్కుచెదరదు, అందుకే దుక్కిలో పైకి తేలుతుంది. ఆ తెలుపు లోపల చిక్కుకున్న కంటికి ఆనని నీటి బుడగలది. ఇనుము తుప్పు పడితే ఎర్రగా, పసుపుగా కనిపిస్తుంది. పగిలిన చోట చూడండి, గవ్వ లోపలిలా వంపులుంటాయి.

పిల్లలుంటే ఇంకో సరదా: చీకటిగదిలో రెండు పలుగురాళ్లను గట్టిగా రాపాడించండి. లోపల్నుంచి వెలుగు మినుకుమంటుంది, కాలిన వాసన కూడా వస్తుంది. కళ్లకు పెంకులు తగలకుండా చూసుకోండి.

వజ్రకరూరు దగ్గర, భూమి లోతుల్నుంచి వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైట్ రాళ్లున్న మాటా, మీ వైపు వానాకాలం జనం చేలు గాలించే మాటా నిజమే. అందుకని మీ ఆశ తప్పనను. తూకంలో 3.5 వచ్చినా తొందరపడి అమ్మకండి, టోపాజ్ అనే మరో రాయి కూడా దాదాపు అంతే తూగుతుంది. మీ రాయిని భూగర్భశాస్త్రం చెప్పే కాలేజీకి పట్టుకెళ్లండి.