ప్రసూతి సెలవులో ఉండగా ఉద్యోగం మానేయమంటే ఏం చేయాలి?

"ప్రసూతి సెలవులో ఉన్నాను. సిబ్బందిని తగ్గిస్తున్నాం, రాజీనామా చేయమంటున్నారు. నాకేమైనా హక్కులున్నాయా?" అని అడిగారు. ఉన్నాయి. కానీ రాజీనామా రాసిచ్చారంటే అవి చాలావరకు చేజారినట్టే. అందుకే నేను చెప్పేదంతా ఆ ఒక్క కాగితం గురించే.

మా పాపకు నాలుగో నెల నడుస్తుండగా నాకూ ఇలాంటి ఫోనే వచ్చింది. హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ. హెచ్‌ఆర్ అమ్మాయి ముందు పాప ఎలా ఉంది, మీరు కోలుకున్నారా అని ఆప్యాయంగా అడిగింది. ఆ తర్వాత, "ప్రాజెక్టు అయిపోయింది మేడమ్. మేం తీసేశామని రికార్డులో ఉంటే మీకే ఇబ్బంది. సాయంత్రంలోగా మీరే రాజీనామా మెయిల్ పెడితే రిలీవింగ్ లెటర్ చక్కగా ఇస్తాం" అంది. పాపకు నూనె రాస్తున్న మా అమ్మ విని, "పోనీలేవే, పిల్లను చూసుకోవచ్చు" అంది. మా తమ్ముడి ఉద్యోగం పోయినప్పుడు ఇల్లంతా తల్లడిల్లింది. ఆడవాళ్ల జీతం పోతే మాత్రం ఎవరికీ పట్టదు. ఈ మాట ఎన్ని ఇళ్లలో విన్నానో!

"ఇదే విషయం మెయిల్‌లో రాసి పంపండి" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. రాసి పంపలేదు కూడా. ఆ రాత్రి నేనే రాశాను: "ఈ రోజు ఫోనులో నన్ను రాజీనామా చేయమన్నారు. నేను చేయడం లేదు. ప్రసూతి సెలవులో ఉన్నాను." దాని నకలు నా సొంత మెయిల్‌కు పంపుకున్నాను, ఆఫీసు మెయిల్ ఎప్పుడు ఆపేస్తారో తెలియదు కనుక. ఆ తర్వాత ఎవరూ రాజీనామా ఊసెత్తలేదు. సెలవు జీతం పూర్తిగా వచ్చింది, సెలవు అయ్యాక వేరే ప్రాజెక్టులో వేశారు. కాగితానికి భయపడని కంపెనీ లేదని నా నమ్మకం.

ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసేయడం చట్టవిరుద్ధం. ఇంతకుముందు 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం 12వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమం, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. గర్భిణిగా ఉండగా తీసేసినా సెలవు జీతం ఎగ్గొట్టడానికి వీల్లేదు. తీవ్రమైన దుష్ప్రవర్తన ఒక్కటే మినహాయింపు. ప్రసవానికి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతం మీది. కాంట్రాక్టు ఉద్యోగులు కూడా నీరసపడనక్కర్లేదు. ఢిల్లీ డాక్టరు కవితా యాదవ్ కేసులో, కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలనీ చట్టంలో ఉంది. నేను పనిచేసిన ఏ ఆఫీసులోనూ కనబడలేదు. అడిగే తల్లిని ముందే ఇంటికి పంపించేస్తే ఇక అడిగేదెవరు?

మీకు ఇప్పటికే తొలగింపు లేఖ ఇచ్చి ఉంటే అది ఏ రోజు అందిందో చూడండి. అది మీకు అందిన నాటి నుంచి 60 రోజుల్లో అప్పీలు చేయాలి. పాత చట్టంలోనూ గడువు అంతే ఉండేది. పాపను అమ్మ చేతికిచ్చి ఈ వారమే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. నియామక పత్రం, సెలవు మంజూరు మెయిల్, జీతం స్లిప్పులు వెంట తీసుకెళ్లండి.