ఓటు లేకపోయినా స్కూలు లెక్కలు అడగవచ్చా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుని నాలుగేళ్లయింది. మాది హెచ్-1బి వీసా. ఏటా దాదాపు 13,000 డాలర్ల ఆస్తి పన్ను కడుతున్నాం. బిల్లులో సగానికి పైగా స్కూలు పద్దు కిందే పోతోంది. ఈ ఏడాది పన్ను మళ్లీ పెరిగింది. అదే సమయంలో మా పాప చదివే స్కూల్లో సంగీతం టీచరు పోస్టు తీసేశారు. మా స్కూలు జిల్లాకు (ఊళ్లోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థకు) పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్ జీతం మాత్రం పెంచారని, ఆఫీసులో కొత్తగా ఒక పెద్ద పదవి సృష్టించారని విన్నాం. మాకు ఓటు లేదు. ఎవరి జీతం ఎంతో, డబ్బు ఎటు పోతోందో అడిగే హక్కు మాకు ఉందా? జవాబు వచ్చేదాకా పన్నులో స్కూలు భాగం కట్టకుండా ఆపవచ్చా? అడిగితే పాపకు ఇబ్బంది అవుతుందేమోనని నా భార్య భయం.

జవాబు: ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ పొరపాటు పడితే ఇంటికే ముప్పు. పన్నులో ఒక్క డాలరు కూడా ఆపవద్దు. బిల్లులో కౌంటీ, మున్సిపాలిటీ, స్కూలు అని వేర్వేరు వరుసలు కనిపించినా చట్టం దృష్టిలో అదంతా ఒకే బాకీ. ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల మొదటి తేదీన వాయిదా కట్టాలి. కట్టకపోతే బాకీలో మొదటి 1,500 డాలర్ల మీద ఏడాదికి 8 శాతం, ఆపైన ఉన్నదాని మీద 18 శాతం దాకా వడ్డీ వేయవచ్చు. అయినా కట్టకపోతే ఆ బాకీని వేలానికి పెడతారు. స్కూలు బోర్డు మీద మీ కోపం ఎంత న్యాయమైనదైనా ఈ వడ్డీ ఆగదు.

ఇదే సందర్భంలో చాలామంది కౌంటీ పన్నుల బోర్డుకు అప్పీలు వేస్తారు. అది మీ ఇంటికి కట్టిన విలువ సరైనదా కాదా అన్న తగువుకు మాత్రమే పనికొస్తుంది. స్కూలు డబ్బు వృథా అవుతోందని అక్కడ ఎంత వాదించినా వినరు.

ఇక అసలు ప్రశ్న. అవును, మీకు హక్కు ఉంది. ఓటు లేకపోవడం దీనికి అడ్డు కాదు. న్యూజెర్సీలో బహిరంగ రికార్డుల చట్టం ఒకటి 2002 నుంచి అమల్లో ఉంది. అందరూ దాన్ని ఓప్రా అంటారు. చట్టంలో ఈ రాష్ట్ర పౌరులు అన్న మాట ఉంది, మనవాళ్లు దాన్ని చూసి వెనక్కి తగ్గుతారు. ఆ మాటను బట్టి మిగతావారిని కాదనకూడదని 2018లో అప్పిలేట్ కోర్టు తేల్చింది. పేరు చెప్పకుండా కూడా దరఖాస్తు పెట్టవచ్చు. ఫారంలో నేరశిక్ష పడిందా అని ఒక గడి ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడకండి. నేరానికి బలైనవారి వ్యక్తిగత వివరాలు శిక్ష పడినవారి చేతికి చేరకుండా పెట్టిన గడి అది.

జీతాల విషయంలో ఈ చట్టం చాలా సూటిగా ఉంది. ప్రభుత్వ ఉద్యోగి ఫైలు మొత్తం రహస్యమే, కొన్ని వివరాలు తప్ప. పేరు, హోదా, జీతం, సర్వీసు ఎన్నేళ్లు, ఉద్యోగం మానేసి ఉంటే ఏ తేదీన, ఏ కారణంతో, పెన్షన్ ఎంత, ఏ రకం: ఇవన్నీ బహిరంగం. పనితీరు మీద పై అధికారి రాసిన నివేదిక, ఆరోగ్య వివరాలు మీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. బడ్జెట్, బిల్లులు, వోచర్లు, ఉద్యోగ ఒప్పందాలు, యూనియన్‌తో కుదిరిన ఒప్పందం, జీతాలు, ఓవర్‌టైమ్ వివరాలు మామూలుగా అడిగిన వెంటనే చూపించాలని చట్టమే చెబుతోంది. మిగతా రికార్డులకు గడువు సాధారణంగా 7 పని దినాలు. ఈమెయిల్‌లో తెప్పించుకుంటే ఖర్చు ఉండదు. కాగితం మీదైతే మామూలు సైజు పేజీకి 5 సెంట్లు.

అడిగే తీరులోనే దరఖాస్తు బతుకుతుంది లేదా చస్తుంది. డబ్బు ఎందుకు వృథా చేస్తున్నారు, జీతం ఎందుకు పెంచారు అని రాస్తే తిరస్కరిస్తారు, ఆ తిరస్కరణ కోర్టులో నిలుస్తుంది కూడా. ఈ చట్టం కింద రికార్డు ఇవ్వాలి తప్ప ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని, మీ తరఫున పరిశోధన చేయాల్సిన పని వారికి లేదు. కాబట్టి ఇలా రాయండి: సూపరింటెండెంట్‌తో ప్రస్తుతం అమల్లో ఉన్న ఉద్యోగ ఒప్పందం, దానికి చేసిన సవరణలన్నీ, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు బోర్డు ఆమోదించిన బిల్లుల జాబితాలు, కొత్త పదవిని సృష్టించిన తీర్మానం, ఆ సమావేశపు మినిట్స్. నాలుగు వాక్యాలు చాలు. ఆవేశం అందులో అక్కరలేదు.

గడువు దాటినా పలకకపోతే నిరాకరించినట్టే లెక్క. అప్పుడు ఇలాంటి తగువులు వినే రాష్ట్ర సంస్థ గవర్నమెంట్ రికార్డ్స్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు, లాయరు అవసరం లేదు. లేదా సుపీరియర్ కోర్టులో దావా వేయవచ్చు, దానికి 45 రోజులే గడువు. గతంలో గెలిచినవారికి లాయరు ఫీజు అవతలి పక్షం తప్పనిసరిగా ఇచ్చేది. 2024 సవరణ ఆ హామీని బాగా పలచన చేసింది. సామాన్యుడి చేతిలోని ఆయుధాన్ని మొద్దుబార్చిన మార్పు అది, అందుకే మొదట కౌన్సిల్ దారే మంచిదని నా సలహా.

ఇప్పుడు సూపరింటెండెంట్ జీతం సంగతి. మీ ఉత్తరంలో చట్టపరంగా పట్టు ఉన్న విషయం ఇదొక్కటే అని నాకు అనిపిస్తోంది. 2011లో రాష్ట్రం సూపరింటెండెంట్ల జీతాలకు పరిమితి పెట్టింది, 2019లో చట్టం చేసి దాన్ని ఎత్తేశారు. అందుచేత ఎక్కువ ఇచ్చారన్న ఒక్క కారణంతో గెలవలేరు. అయితే సూపరింటెండెంట్, అసిస్టెంట్ సూపరింటెండెంట్, బిజినెస్ అడ్మినిస్ట్రేటర్‌ల ఒప్పందాన్ని నడుమ మార్చాలన్నా, పొడిగించాలన్నా బోర్డు కనీసం 30 రోజుల ముందు ప్రజలకు నోటీసు ఇవ్వాలి. బహిరంగ విచారణ జరపాలి, దాని తేదీని కనీసం 10 రోజుల ముందు ప్రకటించాలి. ఆ విచారణ జరగకుండా ఓటు వేయకూడదు. పాత ఒప్పందంలోనే ఏటా ఇంత పెంపు అని రాసి ఉంటే మాత్రం ఈ నోటీసు అవసరం రాదు. కాబట్టి ఒప్పందం చేతికి వచ్చాక మొదట చూడాల్సింది అంకె కాదు, సవరణ తేదీ.

టీచర్ల జీతాలు వేరే సంగతి. అవి ఎవరో ఒకరి ఇష్టం మీద నిర్ణయమయ్యేవి కావు. యూనియన్‌కూ బోర్డుకూ బేరం కుదిరాక ఒక పట్టిక తయారవుతుంది. నిలువుగా అనుభవపు మెట్లు, అడ్డంగా డిగ్రీ, పీజీ, పీజీ పైన 30 క్రెడిట్లు అని చదువు వరుసలు ఉంటాయి. ఏ గడిలో ఉన్నవారికి ఆ గడిలోని జీతం. ఒప్పందం నడుస్తుండగా దాన్ని తగ్గించమని ఏ పన్నుదారుడు అడిగినా కుదరదు. ఇంకో మాట: టీచర్ల పెన్షన్‌లో యజమాని వాటా కట్టేది రాష్ట్రం, స్కూలు జిల్లా కాదు. మీ ఆస్తి పన్ను టీచర్ల పెన్షన్లకే పోతోందని ఎవరైనా అంటే నమ్మకండి. క్లర్కులు, శుభ్రం చేసేవారి పెన్షన్ వాటా మాత్రం జిల్లా మీదే పడుతుంది.

నా మనసులో మాట చెబుతాను. ఫలానా టీచరు జీతం ఇంత అని పేరు పెట్టి వాట్సాప్ గ్రూపుల్లో పంచడం చట్టరీత్యా నేరం కాదు. కానీ దయచేసి ఆ పని చేయకండి. జిల్లా ఖర్చు అర్థం కావాలంటే ఒక మనిషి జీతం కంటే ఆరోగ్య బీమా, ప్రత్యేక విద్య, బస్సులు, పాలనా సిబ్బంది పద్దులు చూడాలి. అవన్నీ జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టే యూజర్ ఫ్రెండ్లీ బడ్జెట్ అనే పత్రంలో ఉంటాయి. పెద్ద అధికారుల ఒప్పందాల వివరాలూ అందులోనే దొరుకుతాయి. ఏటా బయటి అకౌంటెంటుతో చేయించే ఆడిట్ నివేదికను కూడా అడిగి తీసుకోండి. అందులో సిఫార్సులు అన్న భాగం ముందు చదవండి, లోపాలు ఉంటే అక్కడ బయటపడతాయి.

పన్ను పెంపుకు 2 శాతం పరిమితి ఉంది కదా అని చాలామంది అడుగుతారు. 2010లో చేసిన ఆ చట్టం జిల్లా మొత్తం వసూలు చేసే పన్నుకు వర్తిస్తుంది, మీ ఒక్క ఇంటి బిల్లుకు కాదు. ఆరోగ్య బీమా ఖర్చు, విద్యార్థుల సంఖ్య పెరగడం వంటివాటికి మినహాయింపులూ ఉన్నాయి. బోర్డు ఎన్నికలను నవంబరుకు మార్చుకున్న జిల్లాల్లో పరిమితిలోపు బడ్జెట్‌కు ప్రజల ఓటు కూడా అక్కరలేదు. అంటే ఓటున్న మీ పొరుగువారు కూడా ఆ బడ్జెట్‌ను నేరుగా కాదనలేరు. వారికీ మీకూ మిగిలిన వేదిక బోర్డు సమావేశమే.

ఆ సమావేశంలో మాట్లాడే హక్కు మీకు ఉంది. 1975 నాటి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం స్కూలు బోర్డు ప్రతి సమావేశంలో ప్రజల మాటకు కొంత సమయం కేటాయించి తీరాలి. ఎంతసేపు అన్నది బోర్డు ఇష్టం, చాలాచోట్ల మూడు నిమిషాలు. మైకు దగ్గర పేరు, ఊరు చెప్పమంటారు. వీసా గురించి అడగరు. బడ్జెట్ మీద బహిరంగ విచారణ సాధారణంగా ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం మధ్య జరుగుతుంది. సంగీతం టీచరు పోస్టు గురించి మాట్లాడాల్సింది అప్పుడే. ఖర్చు తగ్గించుకోవడానికి పోస్టు రద్దు చేసే అధికారం చట్టం బోర్డుకు ఇచ్చింది. నిరంకుశంగా, కారణమే లేకుండా చేశారని రుజువైతే తప్ప దాన్ని తిరగదోడరు. కాబట్టి ఆ పోరాటం కోర్టులో కన్నా ఆ గదిలోనే గెలవగలిగేది. ఒకరు మాట్లాడితే విని ఊరుకుంటారు. ఇరవై మంది తల్లిదండ్రులు వరుసలో నిలబడితే పెన్ను తీసి రాసుకుంటారు.

పాప గురించి మీ ఇంట్లో ఉన్న భయాన్ని నేను తేలికగా తీసుకోను. మీ మాటకు పగ తీర్చుకోవడం రాజ్యాంగంలోని మొదటి సవరణకు విరుద్ధం. ఆ హక్కు పౌరులకే పరిమితం కాదు. అయితే మీరు పేరుతో పెట్టిన దరఖాస్తు కూడా ఇతరులు అడిగితే చూడగలిగే రికార్డే అవుతుందని గుర్తుంచుకోండి. మనసు నిమ్మళంగా లేకపోతే పేరు లేకుండా పెట్టండి.

ఒక్క హెచ్చరిక. ఈ ఉత్సాహంలో ఓటరు నమోదు కాగితం మీద మాత్రం సంతకం చేయవద్దు. డ్రైవింగ్ లైసెన్సు పనికి వెళ్లినప్పుడు తెర మీద వచ్చే ప్రశ్నను చదవకుండా సరే అని నొక్కినవారు తర్వాత ఇమ్మిగ్రేషన్ చిక్కుల్లో పడతారు. పౌరులు కానివారు స్కూలు బోర్డు ఎన్నికలో ఓటు వేసినా అది దేశం నుంచి పంపించేసేంత పెద్ద తప్పు.

ఇప్పుడు తొందర పడాల్సిన పని ఒకటే. నోటీసు ఇవ్వకుండా సూపరింటెండెంట్ ఒప్పందం మార్చి ఉంటే రాష్ట్ర విద్యా కమిషనర్ ముందు పిటిషన్ వేయవచ్చు. దానికి 90 రోజులే గడువు, ఆ గడువును సడలించడం అరుదు. బోర్డు సభ్యుడి బంధువుకు కొత్త పదవి దక్కిందన్న అనుమానం ఉంటే స్కూల్ ఎథిక్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి 180 రోజులు ఉంటాయి. జీతం పెంచిన సమావేశం ఏ తేదీన జరిగిందో ఈ రాత్రే జిల్లా వెబ్‌సైట్‌లో మినిట్స్ తెరిచి చూడండి. 90 రోజుల్లో ఎన్ని మిగిలాయో లెక్క వేసుకుని, ఒప్పందం, సవరణలు అడుగుతూ రేపు ఉదయమే దరఖాస్తు పంపండి.