కాగితం మీద 60 రోజులు, చేతిలో 21

ప్రశ్న: గన్నవరంలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ లీడ్‌ని. నా కింద ఆరుగురు. క్లయింట్ న్యూజెర్సీలో, మేనేజర్ హైదరాబాద్‌లో. జనవరి రిలీజ్‌కి మమ్మల్ని అడక్కుండానే తేదీ ఇచ్చేశారు. మధ్యలో కొత్త టికెట్లు (నమోదు చేసి అప్పగించే పనులు) వచ్చి పడుతూనే ఉన్నాయి. వరసగా శనివారాలు కూడా పనిచేస్తున్నాం. కుదరదంటే 'సహకరించడు' అన్న ముద్ర పడుతుందేమోనని భయం. ఎలా చెప్పాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కుదరదని చెప్పే ముందు ఎంత కుదురుతుందో లెక్క కట్టండి. మీ మేనేజర్ దగ్గర లేనిది ఆ లెక్కే.

సంక్రాంతి ఉన్న రెండు వారాల స్ప్రింట్ (ఒక్కో విడతగా ప్లాన్ చేసుకునే పని కాలం) తీసుకుందాం. ఆరుగురు, పది రోజులు: 60 పనిదినాలు. పండక్కి ఆఫీసుకి రెండు రోజులు సెలవనుకుంటే 12 పోతాయి. ఊళ్లకు వెళ్లేవాళ్లు పెట్టే సెలవులు ఇంకో 4. మిగిలేవి 44. ప్రొడక్షన్ సపోర్ట్‌కి, అంటే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలు చూడటానికి, పనిచేసే ఎనిమిది రోజులూ ఒకరు కావాలి కాబట్టి 8 తీసేయండి: 36. మీటింగులు, కోడ్ రివ్యూలు (ఒకరు రాసిన కోడ్‌ని మరొకరు సరిచూడటం), పక్కవాళ్ల సందేహాలు కలిసి పావు వంతు తినేస్తాయి: 27. అందులో ఐదో వంతు ఊహించని పనికి వదిలితే 21 చిల్లర. అడిగిన టికెట్ల అంచనా 34 రోజులైతే, మీకు తక్కువైనవి 12 పైన. మిమ్మల్ని ఈ లెక్కలో కలపలేదు, మీరూ కలపకండి. లీడ్ కోడింగ్‌లో మునిగితే రివ్యూలన్నీ ఆయన దగ్గరే ఆగిపోతాయి.

ఆ ఐదో వంతు ఖాళీనే అందరూ ముందు అడుగుతారు. వదులుకోకండి. పనులు వేళాపాళా లేకుండా వచ్చే చోట, సమయంలో 80 శాతం పనితో నిండిన మనిషి దగ్గర కొత్త పని సగటున తనకు పట్టే సమయానికి 4 రెట్లు వేచి ఉండాలని క్యూల గణితం చెబుతుంది. 90 శాతం నిండితే 9 రెట్లు. చిన్న బగ్గు కూడా రోజుల తరబడి కదలకపోవడానికి కారణం ఇదే, టీమ్ బద్ధకం కాదు.

లెక్క చేతికొచ్చాక, స్ప్రింట్ ప్లానింగ్‌కి కనీసం రెండు రోజుల ముందు మేనేజర్‌కి విడిగా ఫోన్ చేయండి. క్లయింట్ ఉన్న కాల్‌లో ఈ మాట ఎత్తితే ఆయన అందరి ముందూ తేదీనే సమర్థించుకోవాల్సి వస్తుంది. తర్వాత మెయిల్ పెట్టండి, ఇలా:

"సార్, ఈ స్ప్రింట్‌లో మా చేతిలో ఉన్నవి 21 రోజులు, అడిగిన పని 34 రోజులు. తేదీ మారకూడదంటే రిపోర్ట్ స్క్రీన్, ఎక్సెల్ డౌన్‌లోడ్ తర్వాతి రిలీజ్‌కి వెళ్లాలి. అన్నీ కావాలంటే రిలీజ్ ఒక స్ప్రింట్ వెనక్కి జరగాలి. ఏది చేయమంటారో బుధవారంలోగా చెప్పండి. చెప్పకపోతే మొదటి దాని ప్రకారం ప్లాన్ చేస్తాను."

'ట్రై చేస్తాం సార్', 'చూద్దాం సార్' అనకండి. మీరు మర్యాదకి అన్న మాట అవతల ఒప్పుకోలుగా నమోదవుతుంది. 'ఎనిమిది రోజుల పని ఐదులో అవదా?' అని బేరం మొదలైతే అంచనా తగ్గించకుండా పని తగ్గించండి. ఐదు రోజుల్లో ఏ భాగం అవుతుందో చెప్పండి. టెస్టింగ్ మాత్రం కోయొద్దు, అది సపోర్ట్ టికెట్లుగా మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

'ఇద్దర్ని అదనంగా ఇస్తాం' అంటే, వాళ్లకి ఈ కోడ్ తెలుసా అని ముందు అడగండి. తెలియనివాళ్లైతే నేర్పడానికి మీ పాతవాళ్ల రోజులే ఖర్చవుతాయి. ఆరుగురి మధ్య మాట్లాడుకోవాల్సిన జతలు 15, ఎనిమిది మందైతే 28. నెలాఖరు రిలీజ్‌కి ఆ సాయం అందదు.

స్ప్రింట్ మధ్యలో టికెట్ వస్తే, అంతే సైజున్న మరొకటి బయటికి వెళ్లాలి. ఏది వెళ్లాలో అడిగినవాళ్లనే తేల్చమని టికెట్‌లోనే రాయండి.

ఇక శనివారాలు. మీ ప్రశ్నలో మాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. ఆ గంటలు జిరాలో (టికెట్లు, పని గంటలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కకపోతే, ఐదు రోజుల్లోనే మీ టీమ్ అంత పని చేస్తుందని రికార్డు చెబుతుంది. వచ్చే స్ప్రింట్ ఆ అంకె మీదే కడతారు. మీ వాళ్ల అలసట ఎక్కడా కనిపించదు, ఒకరు రాజీనామా చేసేదాకా. అందుకే ప్రతి అదనపు గంటనూ నమోదు చేయించండి. తప్పనిసరైతే ఒక్క శనివారం ఒప్పుకోండి. ఎవరు వస్తారు, ఏ పనికి, బదులు సెలవు ఏ తేదీన అన్నవి మెయిల్‌లో ఖాయమయ్యాకే.

క్లయింట్‌తో సాయంత్రం కాల్ కూడా చూసుకోండి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అక్కడి ఉదయం 9 గంటల కాల్ మనకి సాయంత్రం 6:30కి బదులు 7:30కి మారుతుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. గుంటూరు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకి ఆ గంట చాలా పెద్దది. చలికాలంలో కాల్ వాళ్ల 8 గంటలకి మార్చమని అక్టోబరులోనే అడగాల్సింది. ఇప్పుడైనా అడగండి.

ప్రశ్న: మా టీమ్‌లో ఒక జూనియర్ అమ్మాయి ఏ పని ఇచ్చినా 'సరే అన్నా' అంటుంది. చివరి రోజు చూస్తే సగం పని మిగిలి ఉంటుంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: 'అయిపోతుందా?' అని అడిగితే ఎవరైనా అవుతుందనే అంటారు. 'ఇంకా ఏమేం మిగిలాయి?' అని అడగండి. రెండు రోజులు దాటే పనిని ముక్కలు చేసి ఇవ్వండి, ఆలస్యం రెండో రోజే తెలుస్తుంది. ఒకరి చేతిలో ఒకేసారి రెండు టికెట్లు మించనీయకండి. టీమ్ చేతిలో 12 టికెట్లుండి, వారానికి 4 ముగుస్తుంటే ఒక్కోటి సగటున 3 వారాలు పడుతుంది. అదే వేగంతో చేతిలో 8 మాత్రమే ఉంచితే 2 వారాలు. మూడోది ఇవ్వాల్సి వస్తే ఆమె దగ్గరున్న రెండింటిలో ఒకటి మీరే వెనక్కి తీసుకోండి. వద్దని చెప్పే భారం ఆమె మీద పెట్టకండి.